బజారు రోడ్డు లెక్క

ఆదోని ఊరంతా రూత్ కంప్యూటర్లో ఉండేది. వీధులు, దుకాణాలు, బండ్లు, నడిచే జనం, చివరికి మధ్యాహ్నపు ఎండ కూడా. ఊళ్లో ఏది మారిస్తే వేడీ పొగా తగ్గుతాయో మున్సిపాలిటీకి ముందే చూపించడం ఆమె పనిచేసే చిన్న కంపెనీ పని. బజారు రోడ్డులోకి బండ్లు రాకుండా ఆపి, రెండు వైపులా వేపచెట్లు పెంచి చూసింది. తెర మీద ఎర్రగా మండుతున్న రోడ్డు పచ్చబడింది. కానీ రూత్ వాళ్ల నాయన ప్రభుదాసు ఆటో స్టాండు ఆ రోడ్డులోనే ఉంది.

కౌతాళం దగ్గర కూలిపని మానుకుని వచ్చి, ఇక్కడ ఆటో తోలుతూనే కూతుర్ని ఇంజనీరింగ్ చదివించాడు ప్రభుదాసు. రూత్ స్టాండును అక్కడే ఉంచి మళ్లీ చూసింది, కాస్త పక్కకు జరిపి చూసింది. పొగ తగ్గలేదు. లెక్క మార్చేస్తే అడిగేవాళ్లు లేరు. కానీ చేతులు రాలేదు.

రాత్రి రొట్టెలు తింటుండగా చెప్పింది. “నాయనా, బజారులో మీ స్టాండు తీసేయాల్సి వస్తాది.”

“ఎవురు తీసేస్తాండేది?”

“నేనే. లెక్క అట్లే వచ్చింది.”

అతను సగం రొట్టె వదిలేసి లేచాడు. పొద్దున ఆమెను ఆఫీసు దగ్గర దింపి, వెనక్కి చూడకుండా ఆటో తిప్పుకుని పోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది రూత్‌కు.

మున్సిపాలిటీ మీటింగుకు డ్రైవర్లంతా వచ్చారు. కన్నబిడ్డే తండ్రి కడుపు కొడుతోందని తోటి డ్రైవరు ఉరుకుందు అన్నాడు. రూత్ తల దించుకుంది. ప్రభుదాసు లేచాడు.

“నన్ను సూసి లెక్క మార్సలేదప్పా మా పాప. మార్సింటే రేపు దాని మాట ఎవురు నమ్ముతారు? స్టాండు ఇడిసేదానికి నాకూ మనసు లేదు. కొత్తది యాడ ఇస్తారో, ఆడ నీడ ఉంటాదో లేదో, అది సెప్పమను.”

రూత్ మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆటోలను ఎమ్మిగనూరు రోడ్డు మొదట్లో నిలిపి, షెడ్డు వేసి, ముసలివాళ్ల కోసం బజారులోకి బ్యాటరీ బండ్లు పెట్టి చూపించింది. మున్సిపాలిటీవాళ్లు షెడ్డుకు ఒప్పుకున్నారు. బ్యాటరీ బండ్ల సంగతి తర్వాత చూద్దామన్నారు.

రోడ్డు మూసిన మొదటి రోజు ఆమెకు పని మీద ధ్యాస నిలవలేదు. మధ్యాహ్నం నాయన ఫోన్ చేశాడు. పొద్దున్నుంచి బేరం లేదట, ఇప్పుడే ఒక కుటుంబం ఎమ్మిగనూరుకు ఆటో మాట్లాడుకుందట.

“సాయంత్రం నాకు ఆలస్యమయితాది. నువ్వు బజారు మీంద నడ్సి రా పాపా. ఆడ నాటిన యాపమొక్కలకు నీళ్లు పోసినారో లేదో సూడు.”

పోయకపోతే తనే పోసి వస్తానంది రూత్.