ఠంచన్ సారు పది నిమిషాలు

లోకానికంతటికీ టైము పెట్టగల మొనగాడు తనేనని తమ్ముడు చెప్పుకునేవాడు. పొద్దున అక్క నాలుగుసార్లు లేపితే గాని మంచం దిగేవాడు కాదనుకోండి, అది వేరే సంగతి. కంప్యూటర్లు బాగుచేయడం అతని పని. అక్క బట్టల కంపెనీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది.

ఆ సాయంత్రం అక్క వస్తూనే చెప్పులు మూలకి విసిరింది.

"ఆలస్యమని హాజరులో రెండో ఎర్ర గీత పడిందిరా. రేపు ఇంకోటి పడితే ఇక ఇంట్లోనే."

బస్సు వేళ మారి రెండు రోజులైంది. ఇప్పుడది తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు దింపుతోంది. హాజరు కంప్యూటరేమో పది నిమిషాలు ముందు నడుస్తుంది. సాయంత్రం బెల్లు మాత్రం మేనేజరు తన చేతి గడియారం చూసి సెకను తప్పకుండా కొడతాడు. అందుకే ఆయన ఠంచన్ సారు. మనిషికి రోజుకు పది నిమిషాలు మింగేస్తాడు.

"టైము తప్పని చెప్పలేదా?"

"చెప్పా. 'కంప్యూటర్ కంటే నీకెక్కువ తెలుసా అమ్మా' అన్నాడు. అందరి ముందూ, నవ్వుతూ."

ఆ నవ్వు మాట వినగానే తమ్ముడికి కడుపు మండింది. "మింగినవన్నీ కక్కిస్తా చూడు."

అన్నం కూడా తినకుండా అరచేయంత పెట్టె ఒకటి తయారుచేశాడు. ఎక్కడో దూరాన ఉన్న రేడియో కేంద్రం టైము చెప్పే టిక్కులు సెకనుకొకటి పంపుతుంది, నిమిషం ఆఖర్న ఒకటి మానేస్తుంది. ఆ ఖాళీని ఈ పెట్టె పట్టి ఇస్తే కంప్యూటర్ తన గడియారాన్ని దిద్దుకుంటుంది. తమ్ముడు ఒక్కో అతుకు పెడుతూ ఒక్కో తిట్టు తిట్టాడు.

"పగబట్టి చేస్తున్నావేంట్రా?"

"పగ కాదక్కా, సర్వీసింగు."

పొద్దున్నే కంపెనీకి వెళ్లాడు. "మీలాంటి టైము మనిషి దగ్గర ఇది లేకపోతే ఎలా సార్? సెకను తేడా రాదు." అందరూ చూస్తున్నారు. వద్దంటే పరువు పోతుంది. ఠంచన్ సారు మీసం దువ్వుకుని సరేనన్నాడు.

మానిటర్ పక్కన పెడితే టిక్కు అందలేదు. కిటికీ దగ్గరికి జరిపితే అందింది. గడియారం పది నిమిషాలు వెనక్కొచ్చింది. అక్క ఎనిమిదీ యాభై ఏడుకి వేలు పెట్టింది. పచ్చ గీత.

ఊడిన పది నిమిషాలూ ఎక్కడో ఓ చోట ఉండాలి కదా. పోయి ఠంచన్ సారు మీద వాలాయి.

"టీ కావాలా సార్?" అని కంపెనీలో టీ ఇచ్చే పెద్దావిడ అడిగితే, పది నిమిషాలాగి ఖాళీ గుమ్మంతో "ఆ, తీసుకురా" అన్నాడు. మర్నాటి నుంచి ఆవిడ పది నిమిషాలు ముందే అడగసాగింది. ఇంట్లో ఎంత పెందలాడే బయల్దేరినా ఆయన కాలు గేట్లో తొమ్మిదీ పదికే పడేది. మూడో ఎర్ర గీత నాడు ఓనరమ్మ ఆయన రాసిన రూలే ఆయనకు చదివి వినిపించి, పంపించేసింది. "ఇది అన్యాయం మేడమ్" అని ఆయన బస్‌స్టాపులో అన్నాడు. అక్కడున్నవాళ్లు జరిగి కాస్త చోటిచ్చారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు కాలు మీద కాలేసుకున్నాడు. "చూశావా మరి?"

"చూశాలే. అసలు ఆ కంప్యూటర్‌కి మొదట్లో టైము పెట్టిందెవర్రా?"

తమ్ముడు పలకలేదు. అక్క తినేసింది, కంచాలు కడిగింది, పొయ్యి తుడిచింది. సరిగ్గా పది నిమిషాలకి అతని నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనే అక్కా. అక్కడ దాన్ని బిగించిన రోజు తొందరగా ఇంటికి పోదామని ముందుకి తిప్పా. మళ్లీ వెనక్కి తిప్పడం మర్చిపోయా."