నాగసిరి స్తంభం

మా ఆయనకి ఇంకో ఆడదాని పిచ్చి పట్టింది. ఆవిడ పోయి రెండువేల ఏళ్లయినా సరే, నాకు ఒళ్లు మండిపోయింది.

ఎనభైల్లో సంగతి. భీమిలి దారిలో మా ఊరి కొండ మీద బౌద్ధుల కాలంనాటి కట్టడాలు బయటపడ్డాయి. ఊళ్లో మగాళ్లంతా ఉక్కు ఫ్యాక్టరీ పనికని గాజువాక బస్సెక్కుతుంటే, ఈయన మాత్రం తవ్వకాల్లో కూలికి చేరాడు. అక్కడ మట్టిలోంచి అక్షరాలు చెక్కిన రాతి స్తంభం ఒకటి లేచింది. నాగసిరి అనే ఇల్లాలు దాన్ని దానమిచ్చిందని తవ్వకాలు చేయించే పెద్ద సారు చదివి చెప్పాడట. ఆ రోజునుంచీ ఇంట్లో అదే జపం.

"నాగసిరి పేరు సుట్టూ మట్టంతా నానే తీసినానే. ఎంత బాగుందో ఆ పేరు!"

"అలాగేటి? అయితే ఆ నాగసిరినే అంబలి కాసి పెట్టమను," అన్నాను.

మా ఇళ్లల్లో మొగుడి పేరు పెళ్లాం ఎత్తదు, పెళ్లాం పేరు మొగుడు ఎత్తడు. ఎత్తితే నలుగురూ నవ్వుతారు. పెళ్లయిన నాటినుంచి నేను "ఒలే", "ఇదిగో". పక్కింటి జోగమ్మకీ అంతే కాబట్టి ఎప్పుడూ లోటనిపించలేదు. కానీ ఆ నోటికి ఆడదాని పేరు అంత ముద్దుగా పలకడం వచ్చని తెలిశాక ఎలా ఊరుకోను? ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్నూ అలా పిలవాలి. అన్నం పెడుతూ అడిగేశాను.

"నా పేరేటో సెప్పు సూద్దాం."

"సిగ్గు నేదేటే? పిల్లలు ఇంటారు," అని కంచంలోకి చూశాడు.

మర్నాడు క్యారేజీ పట్టుకుని కొండెక్కాను. కూలీలంతా నీడన కూర్చుని తింటున్నారు. ఈయన మాత్రం స్తంభం ముందు గొంతుక్కూర్చుని, నన్నెన్నడూ ముట్టుకోనంత సుతారంగా ఆ గీతల్లో దుమ్ము తుడుస్తున్నాడు.

"వచ్చినావేటి? ఇదిగో, ఇదే నాగసిరి," అని వేలు పెట్టి చూపించాడు.

"సూసినాను. ఎల్లి సేతులు కడుక్కోని రా."

ఆయన నీళ్ల కుండ దగ్గరికి వెళ్లగానే క్యారేజీ కింద పెట్టి గునపం అందుకున్నాను. సరిగ్గా ఆ పేరు మీదికే ఎత్తాను. కొడదామనే ఎత్తాను, అబద్ధమెందుకు?

"గౌరీశ్వరీ!"

కొండంతా వినబడింది. కూలీలు ముద్దలు ఆపి చూశారు. నా చేతుల్లోంచి గునపం జారిపోయింది. పుట్టింటివాళ్లు తప్ప ఎవరూ పిలవని పేరు, ఆ గొంతులో ఎంత బాగుందో! సిగ్గుతో, సంతోషంతో అలాగే నిలబడిపోయాను.

ఆయన పరుగెత్తుకొచ్చాడు. నన్ను దాటి వెళ్లి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, దెబ్బేమైనా తగిలిందేమోనని ఆ స్తంభాన్ని తడిమి చూశాడు.