జమ కాని నెత్తురు

మా ఆయన సదానందం మొండి ఘటం. సూరత్ పక్కన జోల్వాలో ఆయన పనిచేసే మగ్గాల షెడ్డు వెనక వానకు గడ్డి మొలిచింది, చెప్పుల్లేకుండా అటు పోవద్దని ఎంత మొత్తుకున్నా వింటేగా. ఆ మధ్యాహ్నం రక్తపింజర కాలి మీద కాటేసింది. ఆయన అన్న అంబదాస్ బావదీ అదే షెడ్డు. మంత్రగాళ్ళ జోలికి పోకుండా నేరుగా సూరత్‌లో పెద్ద దవాఖానకు తెచ్చాడు. అంతవరకు బావను మెచ్చుకోవాలి.

నేను మా ఇల్లున్న బమ్రోలి నుంచి ఆటోలో వెళ్ళేసరికి కాలు మోకాలి దాకా వాచింది, చిగుళ్ళలోంచి నెత్తురు కారుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సు ఆయన చేతి నుంచి కాస్త నెత్తురు తీసి గాజు గొట్టంలో పోసి, కదపకుండా నిలబెట్టింది. కొంతసేపాగి వంచి చూసి, "ఖూన్ జమా నహీ" అంది.

నేను సూరత్ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, హిందీ అంతంతమాత్రం. జమ అంటే బ్యాంకులో వేసేదే నాకు తెలుసు. నెత్తురు ఎక్కించాలేమో, మావాళ్ళెవరూ ఇంకా జమ చేయలేదంటోంది కాబోలు అనుకుని, జాకెట్ చెయ్యి పైకి లాగి ఆమె ముందు చాపాను. "తీస్కో అమ్మా, ఎంత గావాల్నో తీస్కో" అన్నాను.

ఆమె తెల్లమొహం వేసింది. అప్పుడే మందులు పట్టుకొచ్చిన బావ నవ్వబోయి ఆగాడు. "అది గాదు వినోదా. తమ్ముని నెత్తురు గడ్డ కడ్తలేదంట. పాము ఇసం కట్టనిస్తలేదు."

పాము విషానికి విరుగుడు మందు సెలైన్‌లో కలిపి ఎక్కించారు. సాయంత్రం మళ్ళీ కాస్త తీసి గొట్టం వంచితే నెత్తురు నీళ్ళలాగే జారింది. ఇక బావకు ధైర్యం చాలలేదు. ఈ మందు పనిచేయడం లేదు, బండి మాట్లాడతాను, పసరు పోసే అతని దగ్గరికి తీసుకుపోదామన్నాడు. ముందు డాక్టర్ని అడగమని పోరు పెట్టాను. బావ పోయి అడిగితే ఆ డాక్టరు ఓపికగా చెప్పాడట. ఈ మందు దక్షిణాదిన పట్టిన పాముల విషంతో తయారవుతుంది, అదే జాతి పాముకైనా ప్రాంతాన్ని బట్టి విషంలో తేడా ఉంటుంది, కొందరికి ఒక మోతాదు చాలదు, ఇంకోటి ఎక్కించాలి అని. ఊరు మారితే మనిషికి మాట మారినట్టు పాముకు విషం మారుతుందన్నమాట.

"యాడికీ పోయేది లేదు బావా. ఇంకోటి ఎక్కియ్యమను" అన్నాను.

పైకి గట్టిగానే అన్నాను. నా మాట మీద ఉంచి మనిషి పోతే ఈ బావకు, ఇంట్లో ఉన్న అత్తకు నా మొహం ఎలా చూపించాలి? రెండో మోతాదు ఎక్కుతున్నంతసేపూ భయపడుతూనే మంచం పట్టీ పట్టుకుని కూర్చున్నాను.

తెల్లారాక నర్సు మళ్ళీ గొట్టం వంచింది. చుక్క జారలేదు. ఈసారి ఆమె నవ్వుతూ దాన్ని నా చేతికే ఇచ్చింది. నేను తలకిందులు చేసి చూశాను. నెత్తురు ముద్దలా అంటుకుని కదల్లేదు.

బమ్రోలిలో అత్త బుచ్చవ్వకు ఫోన్ చేశాను. "అత్తమ్మా, నెత్తురు గడ్డ కట్టింది" అన్నాను సంబరంగా.

అటు శోకం మొదలైంది. మా మామ పోయింది తలలో నెత్తురు గడ్డకట్టే. ఆ సంగతి నోరు జారాక గానీ గుర్తు రాలేదు. బతికిండు అత్తమ్మా అని చెప్పబోతే ఏడుపు తన్నుకొచ్చి నాకు మాట పెగల్లేదు. నా ఏడుపు విని ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది. బావ నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"అమ్మా, తమ్ముడు బతికిండే" అన్నాడు. అని బావ కూడా ఏడ్చేశాడు.