సాలెవాళ్లు లాగిన ఓడ

బట్టలు నేసే సాలెవాళ్లు ఓడను ఎలా లాగుతారు? ఈ సందేహం నన్ను చిన్నప్పటి నుంచీ వదల్లేదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో మా నాన్న డార్న్‌లీ అనే ఇంగ్లీషువాళ్ల సరుకు ఓడలో బాయిలర్‌కు బొగ్గు వేసేవాడు. అట్లాంటిక్‌లో ఆ ఓడకు దెబ్బ తగిలిందట. "సాలెవాళ్లొచ్చి, తాడు కట్టి, న్యూయార్క్ దాకా లాక్కుపోయారు" అనేవాడు. భీమిలిలో అందరూ నవ్వేవారు.

"మగ్గం కూడా తెచ్చారా, బావా?" అని మా మేనమామ వెక్కిరించేవాడు.

సింహాచలం అప్పన్న మీద ఒట్టేసినా ఎవరూ నమ్మలేదు. కోతలరాయుడన్న పేరుతోనే నాన్న పోయాడు. స్వామి మీద ఒట్టేసి అబద్ధమాడతాడా అని నేను మాత్రం అనుకుంటూనే ఉన్నాను.

2009 వేసవిలో నేను అమెరికా వెళ్లినప్పుడు, న్యూయార్క్ పక్కనే ఉన్న జెర్సీ సిటీ రేవుకు ఒక పాత నేవీ టగ్గు పడవ వచ్చింది. చూడ్డానికి అక్కడే ఉండే మా అమ్మాయి స్పందన తీసుకెళ్లింది. యుద్ధంలో ఆ టగ్గు మీదే పనిచేసిన వాల్టర్ అనే ముసలాయన అన్నీ చూపిస్తున్నాడు. ఆయన ఇంగ్లీషు వేగం నాకు అందలేదు. స్పందనే చెప్పింది.

"అమ్మా, డ్యామేజ్ అయిన షిప్స్‌ని వీళ్లు టో చేసి తెచ్చారంట. వీళ్లని సాల్వర్స్ అంటారు."

"ఏవంటారూ?"

"సాల్వర్స్. ఎందుకలా చూస్తున్నావ్?"

"సాలెవాళ్లేనే!" అని అరిచాను. "డార్న్‌లీ తెలుసా అని అడుగు!"

అడగక్కర్లేకపోయింది. పేరు వినగానే వాల్టర్ ముఖం వెలిగింది. తుపానులో తాడు రెండుసార్లు తెగిందట. మళ్లీ కట్టారట. ఒక్కరినీ పోనివ్వలేదట.

స్వామీ, నాన్న చెప్పింది నిజమే. తప్పిందల్లా ఒక్క మాట.

వాల్టర్ ఏదో అని కన్ను గీటాడు. స్పందన నవ్వింది.

"రేవుకి తెచ్చిన ప్రతి షిప్పూ థాంక్స్ అని మూడుసార్లు విజిల్ వేసేదంట. డార్న్‌లీ ఒక్కటే వేయలేదంట. బాగా పొగరు అంటున్నాడు!"

"పొగరు కాదని చెప్పు. బాయిలర్ గదిలోకి నీళ్లొచ్చి నిప్పారిపోయింది, అక్కడ బొగ్గు వేసిన మీ తాతయ్యే చెప్పాడు. ఆవిరి లేకుండా కూత ఎలా వేస్తారు?"

వాల్టర్ టోపీ తీశాడు. పైన వేలాడుతున్న హారన్ తాడును చూపించాడు.

"ఆ బాకీ నువ్వు తీరుస్తావా అంటున్నాడమ్మా."

కళ్లకద్దుకుని తాడు లాగాను. హడ్సన్ మీద పోతున్న ఫెర్రీలో జనం ఇటు తిరిగారు. మళ్లీ లాగాను. మూడోసారి రెండు చేతులతో, ఊపిరి బిగబట్టి, నాన్న వినేంతసేపు లాగాను.

"పెయిడ్" అన్నాడు వాల్టర్.