చివరి ముడి

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు: బొంతలు కుట్టే అత్తగారు, నెలలు నిండిన కోడలు, రాత్రి డ్యూటీ చేసొచ్చి వెనక గదిలో గురకపెడుతున్న కొడుకు. కడుపులో బిడ్డను కలుపుకుంటే నలుగురు. అత్తగారి లెక్కలో అయిదుగురు. దేవుణ్ణి వదిలేసి ఆవిడ ఇంట్లోవాళ్లను ఏనాడూ లెక్కపెట్టలేదు.

పొద్దున్నే కిటికీ పక్కన చాప మీద కాళ్లు చాపుకుని, బొంతను ఒళ్లోకి లాక్కుంది. ఎడమచేతి చూపుడువేలు సూదిపోట్లకు మొద్దుబారి గవ్వలా గట్టిపడింది. చూపు మందగించి సూదిలో దారం ఎక్కించుకోలేకపోతోంది. అందుకని కోడలు వంటకు దిగకముందే సూదులన్నిటికీ దారాలెక్కించి, దిండుకు వరసగా గుచ్చి పెడుతుంది. అదీ మొగుడికి తెలియకుండా. అమ్మ గుండె బాగా బలహీనపడింది, పని మానిపించమని డాక్టరు చెప్పిన రోజే అతను సూదుల డబ్బా అటక మీద పెట్టేశాడు. నిండు కడుపుతో స్టూలెక్కి దాన్ని దించింది కోడలే. ఆ సంగతి తెలిస్తే ఇద్దరినీ కలిపి తిట్టేవాడు.

బిడ్డ వచ్చేలోపు ఈ ఒక్క బొంతా పూర్తి చెయ్యనిమ్మని అత్తగారు అడిగింది మరి. ఆవిడకు మిగిలిన కోరిక అదొక్కటే.

ప్రతి వరసకూ ముందు ఆవిడ తల వాల్చి కళ్లు మూసుకుంటుంది. భర్త పోయిన ఏడాది మొదలైన అలవాటది. తాపీ పనికెళ్లిన మనిషి పరంజా మీంచి పడి తిరిగి రాలేదు. పిల్లవాడికి అప్పటికింకా మాటలు సరిగా రావు. రేపటి గురించి తలుచుకుంటేనే గుండె జారిపోయేది. ఒక మధ్యాహ్నం బొంత ముందేసుకుని ఏడ్చి ఏడ్చి, ఈ ఒక్క వరసకు సరిపడా బలం ఇమ్మని దేవుణ్ణి అడిగింది. ఇచ్చాడు. తర్వాతి వరసకు మళ్లీ అడిగింది. పిల్లవాడి జ్వరాలు, కారే ఇంటికప్పు, వాడి చదువు, ఉద్యోగం, పెళ్లి, అన్నీ అలాగే గడిచాయి. రెండు వరసలకు కలిపి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

చివరి ముడి వేసేముందు ఏమీ అడగదు. ఇచ్చినవాటికి దణ్ణం పెట్టుకుంటుంది. ఇచ్చినవి చాలా ఉన్నాయి కాబట్టి కాస్త సేపు పడుతుంది. అప్పుడు ఎవరూ పిలవకూడదు. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోవాలి. ఆ కట్టుబాటు కొడుకు చిన్నప్పుడే నేర్చుకున్నాడు, కోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే.

మధ్యాహ్నం కోడలు మంచినీళ్లు తెచ్చి, నడుం పట్టుకుని పక్కన కూలబడింది. బొంత నడిమధ్యలో మామగారి నీలం చొక్కా ముక్క, జేబుతో సహా ఉంది.

"జేబు కుట్టెయ్యలేదేంటి అత్తయ్యా?"

"ఎందుకు కుట్టేస్తాను? మీ మామయ్య గుమ్మంలోకి రాగానే నీ మొగుడు ముందు ఈ జేబులోనే చెయ్యి పెట్టేవాడు. తినడానికేదో ఒకటి ఉండేది. చేతిలో డబ్బుల్లేని రోజు గులకరాయి ఉండేది."

"రాయిస్తే ఊరుకునేవారా?"

"వాడికదే బంగారం. ఇప్పుడు మాత్రం, నువ్వేం వండినా తినడం లేదూ?"

కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంకెన్ని వరసలని అడిగితే ఒక్కటేనంది అత్తగారు.

"దేవుణ్ణి కూడా కాస్త నడుం వాల్చనివ్వండి అత్తయ్యా."

"ఆయనకి అలవాటైపోయిందిలేమ్మా. నేనడక్కపోతే ఏమైందోనని ఆయనే వచ్చి చూసుకుంటాడు."

చివరి వరస నెమ్మదిగా సాగింది. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంది. ఎండ చాప మీంచి గోడ మీదికి పాకే వేళకు అంచు చేరింది. ముడి ఒక్కటే మిగిలింది. సూది వదిలి, వేళ్లు నీలం జేబులో పెట్టుకుని కళ్లు మూసుకుంది. కారని కప్పుకు, వెనక గదిలోంచి వినబడే గురకకు, పొద్దున్నే దారాలెక్కించే కోడలి వేళ్లకు, పేరు పేరునా దణ్ణం పెట్టుకుంది. నీలం చొక్కా తొడుక్కున్న మనిషి దగ్గరికొచ్చేసరికి ఊపిరి నెమ్మదించి, ఆగిపోయింది. తల ఎప్పటిలాగే వాలి ఉంది.

కోడలు దీపం వేద్దామని వచ్చింది. బొంత పూర్తయింది, అత్తయ్య దణ్ణం పెట్టుకుంటోంది. లేచి ఆవలిస్తూ వస్తున్న మొగుణ్ణి వేలు పెదవుల మీద పెట్టి ఆపి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.

లోపల బొంత అంచు నుంచి వేలాడుతున్న సూది, ముడిపడని దారం చివర తలుపు గాలికి కాసేపు ఊగి, నిలిచిపోయింది.