ఇల్లు విడిచిన తేదీ

ఈ మధ్య కవరు చూస్తేనే ద్వారకానాథ్‌కు నీరసం వస్తోంది. డెబ్బై ఆరేళ్ళ మనిషికి ఉత్తరాలు రాసేదెవరు? కరెంటువాళ్ళు, నీళ్ళవాళ్ళు, పెన్షనువాళ్ళు, ఇంటి పన్ను వసూలు చేసే కౌన్సిల్‌వాళ్ళు. కులాసాగా ఉన్నావా అని రాసే నాథుడు ఒక్కడూ ఉండడు. అందుకని వచ్చిన కవర్లను డైనింగ్ టేబుల్ మీద పేర్చి, మూడు రోజులు వాటికేసి చూసి, నాలుగో రోజున చింపుతాడు. కౌన్సిల్ కవరును మాత్రం ఆరు రోజులు ఆపాడు. ఏదో మంచివార్త ఉంటుందన్న భ్రమ ఆయనకేమీ లేదు. తెరిస్తే, ఉత్తరం తేదీ నుంచి రెండు వారాల్లోగా ఆఫీసుకు వచ్చి మాట్లాడమని ఉంది. అందులో ఆరు రోజులు ఆయనే టేబుల్ మీద తగలేశాడు.

సంగతేమిటంటే, సిడ్నీకి పడమట వెంట్‌వర్త్‌విల్‌లో ఆయనకూ భార్య లీలకూ కలిపి ఒక పాత ఇటుకల ఇల్లుంది. కొని ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇప్పుడు దాని ధర చెబితే ఆయనకే నవ్వొస్తుంది. ధర పెరిగినందువల్ల చేతికొచ్చింది లేదు గానీ పన్ను మాత్రం పెరిగింది. పెన్షను మీద బతికే పెద్దవాళ్ళకు కౌన్సిల్ ఒక వెసులుబాటు ఇచ్చింది. ఇంటి పన్ను ఇప్పుడు కట్టక్కర్లేదు, వాయిదా వేస్తాం, ఇల్లు అమ్మిన రోజునో మీరు పోయిన తర్వాతో వడ్డీతో సహా వసూలు చేసుకుంటాం అంది. దానికి షరతు ఒక్కటే. యజమానులు ఆ ఇంట్లోనే కాపురం ఉండాలి, ఉంటున్నామని ఏటా చెప్పాలి. తొమ్మిదేళ్ళుగా వాయిదా పడిన పన్ను ఇరవై రెండు వేల డాలర్లయింది. అర్హత పోతే అదంతా ఒక్కసారిగా కక్కాలి. కక్కడానికి కడుపులో ఏమీ లేదు. రిటైరయినప్పుడు చేతికొచ్చిన కాస్త సూపర్ డబ్బూ లీల నర్సింగ్ హోమ్ డిపాజిట్‌కు పోయింది. ఇక అమ్ముకోవడానికి మిగిలింది ఇల్లే.

అమ్మెయ్యమనే అంటుంది కూతురు హరిప్రియ. ఎక్కడో దేశానికి ఉత్తర కొసన డార్విన్‌లో ఆసుపత్రిలో నర్సు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, ఆయన తెలుగులో అడిగినదానికల్లా ఇంగ్లీషులో జవాబు చెబుతూ, ఇల్లు అమ్మి ఇద్దరూ డార్విన్ వచ్చేయండి, ఇక్కడా మంచి నర్సింగ్ హోములున్నాయి అంటుంది. పిల్ల చెప్పేది న్యాయమే. న్యాయమైన మాటలు వినే ఓపికే ఆయనకు తగ్గిపోయింది. ప్రతిసారీ ఒకటే అడుగుతాడు, ఇల్లు అమ్మేస్తే మీ అమ్మ తిరిగొచ్చి ఎక్కడుంటుందని. తర్వాత వాతావరణం గురించి మాట్లాడుకుంటారు.

లీలకు పోయినేడు మే నెలలో పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట నెమ్మదించింది, బుద్ధి మాత్రం ఎప్పటిలాగే చురుగ్గా ఉంది. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో ఏడెనిమిది వారాలుంచుకుని, జులై పదకొండున అక్కడికి దగ్గర్లోనే ఉన్న నర్సింగ్ హోమ్‌కు పంపారు. అప్పటినుంచీ ఆయన రోజూ పదకొండు గంటల బస్సెక్కుతాడు. చేతిసంచిలో స్టీలు డబ్బా, అందులో మెత్తగా మెదిపిన పప్పన్నం. హారిస్ పార్క్‌లో మనవాళ్ళ కొట్లో కొన్న గోంగూర పచ్చడి నాలుక్కి రాయడానికి చిటికెడు. తినిపిస్తూ అంటాడు, “వచ్చే నెలకల్లా ఇంటికి వెళ్ళిపోదాం.” లీల “ఊఁ” అంటుంది. పదిహేను నెలలుగా ఆ వచ్చే నెల రాలేదు. ఆయన అనడం మానలేదు, ఆవిడ ఊకొట్టడం మానలేదు.

పోయినేడు ఈ పన్ను గండం ఫోన్‌లోనే గడిచిపోయింది. ఎవరో కులాసా గొంతు అమ్మాయి ఫోన్ చేసి, మీ ఆవిడ ఇప్పుడు ఎక్కడున్నారని అడిగింది. ఆయన నర్సింగ్ హోమ్ పేరు చెప్పి, తనకొచ్చిన ఇంగ్లీషులో “షీ ఈజ్ స్టేయింగ్ దేర్ ఓన్లీ” అన్నాడు. మనవాళ్ళ ఇంగ్లీషులో ఆ ఓన్లీకి అర్థం వేరు. అక్కడే ఉంటోంది అన్నమాట. తెల్లపిల్ల చెవికి అది, ఊరికే కొన్నాళ్ళు ఉండి రావడానికి వెళ్ళింది అన్నట్టు వినబడింది. తాత్కాలికమని రాసుకుని, ఆవిడ త్వరగా ఇల్లు చేరాలని కోరుకుంటున్నానంటూ ఫోన్ పెట్టేసింది. ద్వారకానాథ్ దిద్దలేదు. తాను అబద్ధమాడలేదు కదా, ఆమె నిజం వినకపోతే ఆ పాపం తనది కాదు. పాము చావలేదు, కర్రా విరగలేదు. పైగా, త్వరగా ఇల్లు చేరాలన్న ఆ మాటను మనసులో తిప్పుకుంటూ వారం రోజులు హాయిగా నిద్రపోయాడు.

ఈసారీ అదే మాట పనిచేస్తుందనుకుని సోమవారం పొద్దున కౌన్సిల్ ఆఫీసుకు వెళ్ళాడు. అక్టోబరు పదమూడు. చీటీ తీసుకుని నలభై నిమిషాలు కూర్చున్నాక నంబరు పిలిచారు. కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి మెడలో బిళ్ళ మీద అమృత అని ఉంది. ఏ గుజరాతీ పిల్లో అనుకుని ఇంగ్లీషులోనే మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి కంప్యూటర్లోకి చూస్తూ, మిసెస్ లీల ఇంకా నర్సింగ్ హోమ్‌లోనే ఉన్నారా అని మర్యాదగా అడిగింది. ఆయన సిద్ధంగా పెట్టుకున్న మాట వదిలాడు. షీ ఈజ్ స్టేయింగ్ దేర్ ఓన్లీ.

ఆ అమ్మాయి వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. తలెత్తి చూసింది.

“అంకుల్, మీరు తెలుగేనా?”

ముప్ఫై అయిదేళ్ళలో ఈ దేశపు సర్కారు కౌంటర్ దగ్గర ఆయనకు తెలుగు వినబడటం అదే మొదలు. ఇంకో రోజయితే పొంగిపోయేవాడు. గోడలకు చెవులుంటాయంటారు. కౌన్సిల్‌కూ ఉన్నాయి గానీ ఇన్నాళ్ళూ వాటికి తెలుగు రాదు, అదే ఆయన అదృష్టం. అవునమ్మా అన్నాడు. ఆ అమ్మాయి సంబరంగా తమది నిజామాబాద్ అనీ, చదువుకోవడానికొచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాననీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

“ఒక్క మాట అంకుల్. ఆంటీ అక్కడ ఉన్నరా, ఉంటున్నరా?”

ఇంగ్లీషులో అడిగితే తప్పించుకునేవాడే. అరువు భాషలో చాటుకు చోటుంటుంది. కన్నభాషలో లేదు. ఊరెళ్ళినవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారంటాం. కాపురం మార్చినవాళ్ళు ఉంటున్నారంటాం. చదువురాని పిల్లవాడికి కూడా తెలిసిన తేడా అది. ఆయన కౌంటర్ అంచు పట్టుకున్నాడు. వెనక వరుసలో ఎవరో దగ్గారు.

“ఉంటోందమ్మా,” అన్నాడు.

పదిహేను నెలల్లో ఆ మాట తెలుగులో పైకి అనడం అదే మొదటిసారి. ఆయనకు ఒక్కసారిగా విపరీతమైన అలసట కమ్మింది. అమృత ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెచ్చి, నిబంధన విడమరిచి చెప్పింది. యజమానుల్లో ఒకరు వైద్యం కోసం బయటుంటే ఏడాది వరకే తాత్కాలికం కింద చూస్తారు. ఏడాది దాటింది. ఇక దార్లు రెండే. ఆంటీ ఇంటికి తిరిగి రావాలి, లేదంటే శాశ్వతంగా నర్సింగ్ హోమ్‌కు మారిపోయారని రాసివ్వాలి. అలా రాసిస్తే, ఇంట్లో ఉన్న రెండోవారి పేరు మీద వాయిదా యథాప్రకారం సాగుతుంది. ఏదీ చేయకపోతే శుక్రవారంతో అర్హత రద్దు. అంతా కట్టాల్సిందే.

“నిజం రాస్తె మీకే మంచిది అంకుల్,” అంది. “అబద్ధమైతే నేను రాయలేను.”

ఆ అమ్మాయి ఉపకారమే చేసింది, ఆయనకూ తెలుసు. అయినా బస్సులో ఇంటిదాకా ఆమె మీద మండిపడుతూనే వచ్చాడు. ఇంత పెద్ద సిడ్నీలో, ఇన్ని భాషలవాళ్ళుండగా, ఈ కౌంటర్‌లోనే కూర్చోవాలా నిజామాబాద్ పిల్ల? లీల తిరిగొస్తుందని కదా తను ఈ ఇంటిని పట్టుకుని వేలాడుతున్నది. ఆ ఇల్లు నిలబడాలంటే లీల తిరిగి రాదని రాసివ్వాలట. ఇంతకన్నా విడ్డూరం ఎక్కడైనా ఉందా? కోపం కాసేపట్లోనే తీరిపోయింది. కోపం నిలుపుకోవడానికీ శక్తి కావాలి.

ఫారం ఒకటే కాగితం. పేర్లు, చిరునామా, ఇద్దరి సంతకాలు. మధ్యలో ఒక గడి: ఈ ఇంట్లో నివాసం శాశ్వతంగా మానుకున్న తేదీ. మంగళ, బుధ, గురువారాలు ఆ గడి ముందు కూర్చున్నాడు. ఈ ఇంట్లో ఫారాలన్నీ లీలే నింపేది. ఇరవై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి. కోడిగెలుకుడు రాతంటే ఒళ్ళుమంట. ఏ గడిలో ఏం రాయాలో ఆవిడకు తెలిసినట్టు ఆయనకు తెలియదు. ఏ తేదీ వేయాలి? పక్షవాతం వచ్చిన రోజు వేద్దామంటే, ఆ రోజు అంబులెన్సులో కూడా తను లీలతో సాయంత్రానికి వచ్చేద్దామనే అన్నాడు. నర్సింగ్ హోమ్‌లో చేరిన రోజు వేద్దామంటే, ఆ రోజు ఆవిడకు రెండు జతల బట్టలే సర్దాడు. రెండు జతలతో ఎవరైనా శాశ్వతంగా వెళతారా? నడక నేర్పే అమ్మాయి ఇక రానని చెప్పిన రోజూ ఆయన అన్న మాట వచ్చే నెలే. ఏ రోజూ ఆయనకు ఆ రోజు కాదు. గురువారం రాత్రికి ఇక చాతగాక, అక్టోబరు పదమూడు అని రాసేశాడు. కౌంటర్ దగ్గర నోరు విప్పిన రోజు. ఆయనకు తెలిసినంతలో నిజం అదే.

లీల సంతకం తనే పెట్టేద్దామా అని కూడా అనిపించింది. ఆవిడకు చూపించకుండా పని జరిగిపోతుంది. పాత చెక్కుబుక్కు మీద రెండుసార్లు ప్రయత్నించి, దొంగతనానికి కూడా చేతకానివాణ్ణని తేల్చుకుని, శుక్రవారం పప్పన్నం డబ్బా కింద ఫారం పెట్టుకుని బస్సెక్కాడు.

అన్నం తినిపించేదాకా ఫారం తీయలేదు. ఆ రోజు వచ్చే నెల మాటా ఎత్తలేదు. మూతి తుడిచి, నీళ్ళు పట్టి, డబ్బా కడిగి తెచ్చి, ఇక చేయడానికి ఇంకో పని దొరక్క, కాగితం ఆవిడ ఒళ్ళోకి జరిపిన బల్ల మీద పెట్టాడు. కౌన్సిల్‌వాళ్ళ తంతు, పన్ను గురించి, పెద్దగా పట్టించుకోవాల్సిందేం లేదు, కింద సంతకం పెడితే చాలన్నాడు. చెబుతూ కిటికీలోంచి కారు పార్కింగ్ కేసి చూస్తూ కూర్చున్నాడు.

లీల సంతకం గడికి వెళ్ళలేదు. పై నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆవిడ ఏ ఫారమైనా అలాగే చదువుతుంది. చదివి, మధ్య గడి దగ్గర ఆగి, ఎడమచేతి వేలు పెట్టింది.

“ఇదేం తేదీ?”

ఆయన తిరగలేదు.

“ఆ సోమవారం ఏమైంది?” అని మళ్ళీ అడిగింది, ఒక్కో మాటా కూడదీసుకుంటూ.

కౌన్సిల్ ఆఫీసుకు వెళ్ళిన రోజని గొణిగాడు. లీల కలం అడిగి తీసుకుంది. ఇక్కడికొచ్చాక రూళ్ళ పుస్తకంలో ఎడమచేత్తో అఆలు దిద్దుకున్న మనిషి. తేదీ మీద అడ్డంగా ఒక గీత గీసింది. పైన, ఉన్న కాస్త చోటులో, ఒక్కో అంకె వేసి ఊపిరి తీసుకుంటూ రాసింది. ద్వారకానాథ్ అప్పుడు చూశాడు. పోయినేడు జులై పదకొండు.

“ఆ రోజే తెలుసా నీకు?”

“కుర్చీలోంచి ఈ మంచం మీదికి మార్చారు చూడండి, అప్పుడే తెలిసింది.”

“మరి రోజూ ఊఁ అనేదానివి?”

మాటలను మోసుకురావడానికి లీలకు సమయం పట్టింది.

“మీరు ఎండలో బస్సెక్కి వచ్చి అంటుంటే కాదనబుద్ధి కాలేదండీ. పోన్లే, ఆయనకి అదొక ఊతం అనుకున్నా.” కలం బల్ల మీద పెట్టింది. “ఇంక నాకూ ఓపిక లేదు.”

ఇన్నాళ్ళూ తనే ఆవిడకు ధైర్యం చెబుతున్నాననుకున్నాడు, వెర్రిబాగులవాడు. అరచేయి అంత మంచంలో, సగం ఒంటితో, ఆవిడ పదిహేను నెలలు ఆయన్ను మోసింది. ఏడుపు వచ్చింది గానీ పూర్తిగా రాలేదు. దానికీ బలం చాలలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

లీల సంతకం చేసింది. వంకరగా ఉంది, అయినా లీలదే. కొట్టివేత ఉంటే పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు చేయాలని, లేకపోతే కాగితం తిప్పి పంపుతారని చెప్పి కలం ఆయనకిచ్చింది. ఆయన చేశాడు. ఆవిడ చేసింది. ఇల్లు నిలబడింది.

“నాలుగింటికి మూసేస్తారేమో, బయల్దేరండి,” అంది. ఆయన లేచి సంచి సర్దుకుంటుంటే మళ్ళీ పిలిచింది.

“రేపు రాకండి. మొహం చూడండి ఎలా పీక్కుపోయిందో. మీ ఇంట్లో కాసేపు పడుకోండి.”

నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో లీల నోట మనిల్లు తప్ప ఇంకో మాట ఆయన వినలేదు. దిద్దుతుందేమోనని తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. సరే అని, ఫారం మడతపడకుండా పట్టుకుని బస్‌స్టాప్‌కు నడిచాడు.