రెండు కుక్కల ఎక్స్‌రేలు

పశువైద్యుడు ఎక్స్‌రేను లైటు పలకకు తగిలించగానే అక్క కుర్చీలోంచి లేచి దగ్గరికెళ్లి చూసింది. కుంటుతోందని ఆమె తీసుకొచ్చిన గోధుమరంగు కుక్కకు, తుంటి గుంటలోంచి తొడ ఎముక సగం బయటికి జారి ఉంది.

"అదెలా డాక్టర్‌గారూ? పిల్లగా ఉన్నప్పుడే జన్యు పరీక్ష చేయించాను. దీనికి తుంటి జబ్బు రాదన్నారు. ముప్పంతా దీని తోడబుట్టిన నల్లదానికేనని రాసిచ్చారు!"

ఆ నల్లకుక్కను పెంచుకుంటున్న చెల్లెలు దాని మెడపట్టీ పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. అక్క మాట విని రెండేళ్లుగా దాన్ని మెట్లెక్కనివ్వలేదు, పరిగెత్తనివ్వలేదు, బయట ఒక్కసారి కూడా పట్టీ విప్పలేదు.

"దీనికీ తీయండి," అంది నల్లదాన్ని ముందుకు నడిపించి.

రెండో ఎక్స్‌రేను వైద్యుడు తిప్పి తిప్పి చూశాడు.

"ఇది నిక్షేపంగా ఉందమ్మా. ఈ జబ్బుకి ఒక్క జన్యువు కాదు, చాలా జన్యువులు కారణం. బరువు, పెరిగిన తీరు కూడా కలుస్తాయి. ఆ పరీక్ష చెప్పేది అంచనా మాత్రమే."

అక్క కుర్చీలో కూలబడింది. "నీ కుక్కకి సంకెళ్లు వేయించింది నేనేనే!"

"వేసింది నేనేగా. నీ కాగితం చూశాను కానీ, నా కుక్కని చూళ్లేదు."

గోధుమదాని ఆపరేషన్‌కు తేదీ రాయించుకుని ఇద్దరూ ఆసుపత్రి ఆవరణలోకి వచ్చారు. చెల్లెలు నల్లదాని పట్టీ విప్పి, "పరిగెత్తవే," అంది. అది కదల్లేదు. ఏం చెయ్యాలో తెలియనట్టు ఆమె మొహంకేసి చూసింది.

చివరికి అక్కే చెప్పులు విడిచి పరుగందుకుంది. కాసేపు తటపటాయించి, నల్లది ఆమె వెనకే ఉరికింది.